సున్నాలు నాలుగులైన ఏడాది

మీలో ఎవరైనా కొత్తగా ఉద్యోగంలో చేరి, "దీనికి బయటివాళ్ళెందుకు, నేనే చేసేస్తాను" అనే రకమైతే, ఇది మీ కోసమే రాస్తున్నాను. నేనూ ఆ రకమే. ముప్ఫై ఏళ్ళ పైన సర్వీసులో నాకు రెండు ప్రశంసాపత్రాలు వచ్చాయి. వాటిలో ఒకటి నేనిప్పుడు చెప్పబోయే పనికే ఇచ్చారు.

మాది గోదావరి పాయ పక్కన ఒక చిన్న కొబ్బరి పరిశోధన క్షేత్రం. నేను అక్కడ శాస్త్రవేత్తను. తొంభైల్లో వచ్చిన పెద్ద తుఫానుకి మా పాత తోట సగం నేల మీద పడుకుంది. నిలబడ్డవి మూడు వందల పైచిలుకు చెట్లు. వాటికీ ఆకులు చిరిగి, నెత్తిన లేతాకు వచ్చే మొవ్వులు మెలిదిరిగి, ఒక్క పిందె లేదు. కొన్ని ఏడాది తిరక్కుండానే మళ్ళీ గెల వేశాయి. కొన్నిటికి మూడేళ్ళు పట్టింది. ముందుగా కోలుకున్న చెట్లేవో తేల్చి, వాటి కాయల నుంచి మొక్కలు పెంచి రైతులకి ఇవ్వాలని మా పథకం. ఆ తుఫానులో తోట మొత్తం పోగొట్టుకున్న రైతులు మా చుట్టూ ఎంతమంది ఉండేవారో మీరు ఊహించుకోవచ్చు. కొబ్బరి మొక్క నాటితే కాపు చూడటానికి ఆరేడేళ్ళు పడుతుంది. నాటిన మొక్క మంచిదో కాదో అప్పుడు గానీ తెలియదు. కాబట్టి తల్లి చెట్టుని ఎంచడంలో తప్పు జరగకూడదు.

ఆ లెక్కంతా ఒక్క మనిషి చేతి మీదుగా నడిచింది. ఆయన మా ఫీల్డ్ అసిస్టెంటు. అందరం బాబాయ్ గారనే పిలిచేవాళ్ళం. నలభై అయిదు రోజులకోసారి దింపు జరిగేది. దింపు కార్మికులు చెట్టెక్కి కాయలు కింద పడేస్తే, ఆయన చెట్టు చెట్టు దగ్గరా ఆగి, కాయలు లెక్కపెట్టి, రిజిస్టరులో వేసుకునేవారు. ప్రతి చెట్టుకీ సున్నం పట్టీ మీద నంబరు ఉండేది గానీ ఆయనకి ఆ నంబర్ల అవసరం లేదు. "ఆ మూలదండీ, గోడ వైపు వంగిందాండి, దానికి కాయ చిన్నది, పీచెక్కువ" అనేవారు. పదో తరగతి తప్పిన మనిషి. నేను డాక్టరేటు చేశాను. తోటలో ఉన్నంతసేపూ ఆయన చెప్పేవారు, నేను వినేదాన్ని.

తర్వాత్తర్వాత ఆ రిజిస్టర్లన్నీ కంప్యూటర్లో ఎక్కించాం. కాంట్రాక్టు మీద చేరిన ఒక అమ్మాయి ఆపరేటరు. బాబాయ్ గారు ఎదురుగా కుర్చీ వేసుకుని ఒక్కొక్క అంకే చదివేవారు, ఆమె కొట్టేది. "నూట పన్నెండు, తొమ్మిది కాయలు. నూట పదమూడు, సున్నా." ఆ రెండు గొంతులూ మా ఆఫీసు గదిలో దాదాపు రెండేళ్ళు వినిపించాయి. ఎక్కించడం అయిపోయాక, చెమ్మకి అంటుకుపోయి పురుగు తిన్న ఆ రిజిస్టర్లని తీసేయడానికి కాగితం పెట్టారు. బాబాయ్ గారు వచ్చి, "మేడమ్ గారండీ, ఓ మూల పడుంటాయి కదండీ, ఉంచేద్దామండి" అన్నారు. అన్నీ కంప్యూటర్లో భద్రంగా ఉన్నాయి బాబాయ్ గారూ అని నేనే సంతకం పెట్టాను.

ఆ ఏడాదే మాకు లాప్‌టాప్ మంజూరైంది. తల్లి చెట్లని ఖరారు చేయడానికి నిపుణుల కమిటీ వస్తుందని, వాళ్ళకి తోటలోనే లెక్కలు చూపించాలని అడిగి తెప్పించుకున్నాం. మంజూరైన డబ్బుకి తక్కువ రకమే వస్తుంది. అందులో మెమరీ కొంచెం, హార్డ్ డిస్క్ చిన్నది. చెట్ల ఫొటోలతో కలిపి మా ఫైళ్ళు పెడితే కదలనే కదలదు. కంపెనీవాళ్ళు పెద్ద మెమరీ, పెద్ద డిస్కు వేసి ఇవ్వడానికి అడిగిన ధర చూస్తే, బయట కొన్నదానికి రెండింతలు ఉంది.

"తక్కువదే తీసుకుందాం సార్. మెమరీ, డిస్కు బయట కొని నేను వేస్తాను. మిగిలినదాంతో నర్సరీకి నీడ వల వస్తుంది" అన్నాను మా హెడ్ గారితో.

"మీరు విప్పుతారా దాన్ని?" అన్నారాయన.

ఆ "మీరు" అనడంలో ఉన్నదేమిటో నాకు తెలుసు. మా క్షేత్రంలో ఆడ ఆఫీసర్ని నేనొక్కదాన్నే. స్ప్రేయరు చెడిపోతే మగవాళ్ళు చుట్టూ నిలబడి చూసేవారు, నేను విప్పి వాషరు మార్చేదాన్ని. "విప్పుతాను సార్" అన్నాను. ఆ మాట అన్నప్పుడు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. నీడ వల కోసం కొంత, ఆ సంతోషం కోసం కొంత ఆ పనికి దిగాను.

రాజమండ్రి బస్సెక్కి వెళ్ళి కొన్నాను. షాపాయన రెండు రకాల మెమరీ చూపించారు. ఒకటి పెట్టెలో సీలు వేసి ఉంది. ఇంకోటి ఉత్త ప్లాస్టిక్ కవర్లో ఉంది, ధర తక్కువ. నేను రెండోది చూపించాను.

"ఇచ్చేస్తానండి. కానీ ఇది వేశాక ఓసారి టెస్టు పెట్టుకోండి మేడమ్. సీడీ ఇస్తాను. ఓ రోజంతా నడవనివ్వాలి. ఎర్ర గీతలు రాకపోతే పర్లేదు."

"వస్తే?"

"వస్తే పట్టుకొచ్చేయండి, మార్చేస్తాను. పెట్టకుండా మాత్రం వాడకండేం."

ఆయన చెప్పాల్సింది చెప్పాడు. తర్వాత ఎన్నోసార్లు ఆ షాపు మీద కోపం తెచ్చుకోవాలని ప్రయత్నించాను, కుదరలేదు.

మర్నాడు ఆఫీసులో పెద్ద బల్ల మీద దుప్పటి పరిచి లాప్‌టాప్ బోర్లించాను. హెడ్ గారు, ఆపరేటరమ్మాయి, బాబాయ్ గారు, దింపు కార్మికులు ఇద్దరు, అందరూ గుమ్మం దగ్గర గుమిగూడారు. చిన్న స్క్రూలు విప్పి సీసా మూతలో వేశాను. పాత మెమరీ పక్కనున్న క్లిప్పులు నొక్కితే అది పైకి లేచింది. కొత్తది ఏటవాలుగా దూర్చి కిందకి నొక్కితే టక్కున కూర్చుంది. డిస్కు మార్చాను. నేనా రోజు నైలాను చీర కట్టుకున్నాను. ఒంటి మీది స్థిర విద్యుత్తు ఇలాంటి ముక్కల్ని చంపేస్తుందని పుస్తకంలో చదివాను కూడా. ఆ మెమరీ కవర్లో ఉన్నప్పుడే పాడై ఉందో, నా వేళ్ళే దాన్ని పాడు చేశాయో నాకు ఈనాటికీ తెలియదు. మీట నొక్కగానే తెర వెలిగింది. గుమ్మం దగ్గర చప్పట్లు కొట్టారు. బాబాయ్ గారు, "మా మేడమ్ గారంటే ఏంటనుకున్నారండీ!" అన్నారు హెడ్ గారితో.

టెస్టు పెట్టలేదు. ఒక రోజంతా దాన్ని ఊరికే వదిలేయాలని అనిపించలేదు, కమిటీ తారీఖు దగ్గరపడింది. ఆ సీడీ సొరుగులో పడేసి, పాత కంప్యూటరు నుంచి ఫైళ్ళన్నీ లాప్‌టాప్‌లోకి ఎక్కించాను. అన్నీ తెరుచుకున్నాయి. పాత కంప్యూటర్ని తుడిచేసి నర్సరీ అమ్మకాల కౌంటర్‌కి ఇచ్చేశాం. ఫైళ్ళ నకళ్ళు మళ్ళీ రాసుకునే రకం సీడీలు రెండిట్లో ఉండేవి. వాటినీ చెరిపి, లాప్‌టాప్‌లో ఉన్నవి రాద్దామనుకున్నాను.

ఆపరేటరమ్మాయి అంది: "పాతవి అలా ఉంచి కొత్త సీడీలు కొందామా మేడమ్?"

"ఒకటే ఫైళ్ళు కదమ్మా, రెండుసార్లు ఎందుకు?" అని పాతవి చెరిపి రాసేశాను. ఒక సీడీ ఖరీదు అప్పట్లో రెండు టీల ఖరీదు.

మధ్యలో రెండుసార్లు లాప్‌టాప్ బిగుసుకుపోయింది. కొత్త యంత్రం కదా, అలవాటు పడాలి అనుకున్నాను. యంత్రానికి అలవాటేమిటని ఆ రోజు ఎవరైనా అడిగి ఉంటే బాగుండేది.

కమిటీ వచ్చింది. బయటి ఊళ్ళ నుంచి నలుగురు. వాళ్ళ అధ్యక్షుడు రిటైరైన ప్రొఫెసరు గారు, చాలా మర్యాదస్తుడు. బొండాలు తాగి అందరం తోటలోకి నడిచాం. ఇరవై రెండు చెట్ల జాబితా నా చేతిలో ఉంది. లెక్కలు తీసినప్పుడు నేను అనుకున్నదానికంటే ఎక్కువ చెట్లే త్వరగా కోలుకున్నట్టు తేలింది. నాకది శుభవార్తగానే కనిపించింది.

నాలుగో చెట్టు దగ్గర బాబాయ్ గారు ఆగిపోయారు.

"ఇది కాదేమోనండీ."

"ఏంటి బాబాయ్ గారూ?"

"దీనికి మొవ్వు తిరిగిపోయిందండి తుఫాన్లో. రెండేళ్ళు ఒక్క కాయ లేదండి. నేనే కదండీ సున్నాలు వేసింది."

లాప్‌టాప్ తెరిచి చూశాను. మొదటి ఏడాదే ఒక దింపులో నాలుగు, ఇంకో దింపులో నాలుగు. ప్రొఫెసరు గారికి చూపించాను.

"మీకు గుర్తుండకపోవచ్చు బాబాయ్ గారూ, పదేళ్ళవుతోంది. ఇవి మీరు చదివితే ఎక్కించినవే కదా" అన్నాను.

ఆయన తల గోక్కున్నారు. "ఆయ్, నేనే చదివానండి" అన్నారు.

తొమ్మిదో చెట్టు దగ్గర మళ్ళీ అదే. పదకొండో చెట్టు దగ్గరా అదే. ప్రొఫెసరు గారు నవ్వుతూ, "పోనీ మీరే చెప్పండి, ఇది తుఫాను తర్వాత మొదట ఎప్పుడు కాసింది?" అని అడిగారు. అందులో ఎగతాళి లేదు. బాబాయ్ గారు చెప్పారు. నేను జాబితా చూసి తల అడ్డంగా ఊపాను. "వయసు మీద పడితే అందరికీ అంతేనండి. నాకు నా కళ్ళజోడు ఎక్కడుందో గుర్తుండదు" అన్నారు ప్రొఫెసరు గారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అక్కడితో ఆపినా సరిపోయేది. కమిటీ ముందు మా పని పలచనవుతుందనే భయంతో నేను ఇంకో మాట అన్నాను.

"కంప్యూటరు మర్చిపోదు కదా బాబాయ్ గారూ."

పన్నెండో చెట్టు నుంచి ఆయన మాట్లాడలేదు. ప్రొఫెసరు గారు ఒకటి రెండుసార్లు ఆయన వైపు తిరిగి అడిగారు. "లిస్టులో ఉన్నదే కరెక్టై ఉంటుందండి" అన్నారాయన, రెండుసార్లూ అదే మాట.

ఇరవై రెండు చెట్లూ ఖరారయ్యాయి. ఆ నెలాఖరున బాబాయ్ గారు రిటైరయ్యారు. వీడ్కోలు సభలో హెడ్ గారు సరదాగా, ఆయన మతిమరుపు మీద ఒక జోకు వేశారు. బాబాయ్ గారు మెడలో దండతో లేచి నిలబడి, ఇన్నేళ్ళ పనిలో తప్పులేమైనా దొర్లి ఉంటే క్షమించమని అడిగి కూర్చున్నారు. ఆ సభలోనే, లాప్‌టాప్ పని తక్కువ ఖర్చులో చేసినందుకు నాకు ఇచ్చారు ఆ ప్రశంసాపత్రం.

ఆ తల్లి చెట్ల కాయలు నారుమడిలో పెట్టాం. కొత్త నీడ వల కింద మొక్కలు బాగా వచ్చాయి. రైతులు వచ్చి రిక్షాల మీద, ట్రాక్టర్ల మీద పట్టుకెళ్ళారు.

ఏడాది గడిచింది. లాప్‌టాప్ బిగుసుకుపోవడం ఎక్కువైతే రాజమండ్రి షాపుకి తీసుకెళ్ళాను. ఆయన టెస్టు పెట్టాడు. పది నిమిషాలు కాలేదు, తెర నిండా ఎర్ర గీతలు.

"టెస్టు పెట్టారాండీ అప్పుడు?"

లేదని తల ఊపాను.

"మెమరీలో కొంత చోటు పాడైపోయిందండి. అక్కడికి వెళ్ళిన అంకె వెళ్ళినట్టు తిరిగి రాదు. దీంట్లో కాపీలేమైనా తీశారా?"

ఫైలు ఒక డిస్కు నుంచి ఇంకో డిస్కుకి పోవాలన్నా ఈ మెమరీ మీదుగానే పోవాలి. ఆ సంగతి నాకు తెలియనిది కాదు. బస్సులో కూర్చున్నాక నాకు గుర్తొచ్చింది తోటలో నాలుగో చెట్టు. నాలుగు, నాలుగు.

సరిచూసుకోవడానికి కాగితం ఒక్కటి లేదు. మర్నాడు ఆపరేటరమ్మాయికి విషయం చెప్తే, "మా ఇంట్లో కొన్ని ఉండాలి మేడమ్" అంది. ఎక్కించిన కొత్తలో ప్రింటు తీసి, వెనకవైపు ఖాళీగా ఉందని ఇంటికి పట్టుకెళ్ళి వాళ్ళ పాప నోటు పుస్తకాలకి అట్టలు వేసిందట. సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాం. నేల మీద కూర్చుని, అట్టలు ఊడదీసి, ముడతలు చదును చేసి, తెర మీది అంకెలతో పోల్చుకున్నాం. మొత్తం పదకొండు కాగితాలు. చాలా అంకెలు సరిగ్గానే ఉన్నాయి. అక్కడక్కడ మాత్రం సున్నా నాలుగైంది. ఒకటి అయిదైంది. రెండు ఆరైంది. నాలుగో చెట్టు వరస ఆ కాగితాల్లో ఉంది. బాబాయ్ గారు చెప్పినట్టే, సున్నా, సున్నా, సున్నా.

ఆ అమ్మాయి ఏడ్చేసింది. "రెండేళ్ళు కొట్టాను మేడమ్" అంది.

ఫైళ్ళు మొత్తంగా పోయి ఉంటే పోయాయని ఒప్పుకునేవాళ్ళం. ఇక్కడ వేల అంకెలున్నాయి. అందులో ఏది నిజమో ఏది కాదో చెప్పేది ఏదీ లేదు. తుఫాను తర్వాత నిజంగా నాలుగు కాయలు కాసిన గట్టి చెట్టూ ఉంది, సున్నా నాలుగైన చెట్టూ ఉంది. తెర మీద రెండూ ఒకలాగే ఉన్నాయి.

హెడ్ గారి దగ్గరికి వెళ్ళి మొత్తం చెప్పాను. ఆయన తలుపు వేశారు.

"మొక్కలు పట్టుకెళ్ళినవాళ్ళకి ఏం చెప్తారు? పీకేయమంటారా?"

"చెప్పాలి కదా సార్."

"నాకు రిటైర్మెంటు ఇంకా ఎనిమిది నెలలుంది. ఎంక్వయిరీ అంటే ముందు మీ పేరే వస్తుంది. ఆలోచించుకోండి."

ఆలోచించుకున్నాను. ఆ నెల నుంచి ఆ మొక్కల అమ్మకం ఆపేశాం. బోర్డు మీద "సాంకేతిక కారణాల వల్ల" అని రాయించాం. పట్టుకెళ్ళినవాళ్ళకి ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆయన భయపడ్డారని చెప్పి నేను తప్పించుకోను. ఆయన భయం నాకు అక్కరకొచ్చింది. నోరు మూసుకోమని ఎవరైనా చెప్తే బాగుండునని ఆ గదిలోకి వెళ్ళేటప్పుడే నాలో ఎక్కడో ఉంది.

బాబాయ్ గారి దగ్గరికి కూడా వెంటనే వెళ్ళలేదు. దింపు పనులు అయ్యాక వెళ్దాం, వానలు తగ్గాక వెళ్దాం అనుకున్నాను. హెడ్ గారు రిటైరయ్యాక గానీ నాకు కాళ్ళు కదల్లేదు. వాళ్ళ ఊరు మాకు గంట ప్రయాణం, కాలవ గట్టు మీదుగా. ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నారు. సన్నబడ్డారు. నన్ను చూసి గబగబా లేచి కండువా సర్దుకున్నారు.

వాళ్ళావిడ మంచినీళ్ళిచ్చి, ఆయన లోపలికి వెళ్ళగానే గొంతు తగ్గించి చెప్పింది.

"రిటైరయ్యి వచ్చిన కాడి నుంచీ ఇంతేనమ్మా. బజారుకెళ్ళమంటే లెక్క తప్పుతానేమో నువ్వే వెళ్ళంటారు. మాకున్న నాలుగు చెట్లు దింపుకిస్తే, కాయలు లెక్కెట్టరు. ఎవళ్ళు ఎంతంటే అంతే. కాకినాడ తీసుకెళ్ళి డాక్టరుగారికి చూపించాం. ఆయనేమో ఏమీ లేదంటారు, ఈయనేమో మరుపొచ్చేసింది అంటారు. బిళ్ళలు వాడుతున్నారు."

ఆయన వచ్చి కూర్చున్నాక చెప్పాను. మెమరీ కొనడం దగ్గర్నుంచి నోటు పుస్తకాల అట్టల దాకా, ఏదీ దాచకుండా. పదకొండు కాగితాల్లో నాలుగో చెట్టున్నది తీసి చేతికిచ్చాను. ఆయన కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశారు.

"అయితే నాకు మతిమరుపు లేదాండీ?"

"లేదు బాబాయ్ గారూ. ఆ రోజు మీరు చెప్పిందే నిజం. నేనే..."

ఆయన లోపలికి తిరిగి భార్యని పిలిచారు. "ఏమే, ఇలా రా. మేడమ్ గారు చెప్తున్నారు, నాకు మతిమరుపు లేదంట!" అన్నారు. ఆవిడ గుమ్మంలో నిలబడి నా వైపు చూసింది. ఓ మాట అని ఉంటే నాకు తేలికయ్యేది.

"ఎప్పుడు తెలిసిందండీ ఇది?" అని అడిగారాయన.

"ఏడాదవుతోంది."

ఆయన తల ఊపారు. తిట్టలేదు. కాగితం జాగ్రత్తగా మడత పెట్టి నాకు ఇచ్చేశారు.

నేను వెళ్ళింది క్షమించమనడానికే అయితే అక్కడితో లేచి వచ్చేసేదాన్ని. కానీ నాలో ఇంకా ఆశ ఉంది. ఆయన తలలో ఆ తోట మొత్తం ఉంది కదా. ఆయన నడుస్తూ చెప్తే నేను రాసుకుంటాను. కనీసం ఇరవై రెండిట్లో గట్టివేవో తేలుతుంది, మొక్కలు పట్టుకెళ్ళిన రైతుల్లో ఎవరికి ఏ చెట్టువి వెళ్ళాయో రసీదుల్లో ఉంది, వాళ్ళకైనా చెప్పొచ్చు. ఆ మాటే అడిగాను. "రేపు వస్తానండి" అన్నారు వెంటనే.

పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. దింపు కార్మికులు ఎదురొచ్చి పలకరించారు. ఆపరేటరమ్మాయి కుర్చీ తెచ్చి వేస్తే, వద్దమ్మా నడుద్దాం అన్నారు. నేను కొత్త రిజిస్టరు, పెన్ను పట్టుకుని పక్కన నడిచాను. మొదటి చెట్టు దగ్గర నిలబడి పైకి చూశారు. కాండం మీద చెయ్యి వేసి నిమిరారు.

"ఇది ఏడాదిన్నరకి కాసిందండి" అన్నారు.

రాసుకున్నాను. ఆయన కదల్లేదు.

"ఏడాదిన్నరేనాండీ? రెండేళ్ళేమో. ఆ పక్కదానికి ఏడాదిన్నర."

"మీకు ఏది తోస్తే అదే చెప్పండి బాబాయ్ గారూ."

రెండో చెట్టు. మూడో చెట్టు. ప్రతి చెట్టు దగ్గరా ముందు ఠక్కున ఒక మాట వచ్చేది. ఆ వెంటనే ఆయన నా మొహంలోకి చూసేవారు, నేను తల అడ్డంగా ఊపుతానేమోనని. నేను ఊపకపోయినా మాట మార్చేవారు. ఏడో చెట్టు దాకా వెళ్ళేసరికి ఆయన చొక్కా వీపు తడిసిపోయింది. ఎండ ఇంకా ఎక్కలేదు.

"మొదట చెప్పిందే రాసుకుంటున్నాను. అదే నిజమై ఉంటుంది" అన్నాను.

"వద్దండి, రాయకండి. రైతులు నాటుకునేవి కదండీ. మొదట ఒకటి అనిపిస్తుందండి. అనిపించింది నిజమో కాదో తెలీటం లేదు. ఇంతకుముందు ఇలా ఉండేది కాదు."

ఆయన రిజిస్టరు నా చేతిలోంచి తీసుకున్నారు. నేను రాసిన ఏడు వరసలూ ఒక్కొక్కటిగా చదువుకున్నారు. పెన్ను అడిగి తీసుకుని, గీత వంకర పోకుండా, ఏడింటినీ కొట్టేశారు. తర్వాత బస్సుకి టైమవుతోందని, వెళ్ళొస్తానండీ అని గేటు వైపు నడిచారు.